తల్లి ఖాతాలో 13,000 వెయ్యడమా, ఆ డబ్బు బడికే పెట్టడమా?

విశాఖ ఉద్యోగి:
2025 జూన్‌లో తల్లికి వందనం పడింది కదా, అదే, బడికెళ్ళే పిల్లల తల్లుల ఖాతాలో ఆంధ్రా ప్రభుత్వం వేసే డబ్బు, 67 లక్షల మంది పిల్లలకి ఒక్కొక్కరికి 15,000 లెక్కన, అందులో 2,000 బడుల నిర్వహణకని పట్టుకుని 13,000 వేశారు, ప్రైవేటు పిల్లలకి కూడా. 2025-26 బడ్జెట్లో పాఠశాల విద్యకి 31,805 కోట్లు పెట్టారు. మా సొంతూళ్ళో బడి ఉంది, ఇద్దరు టీచర్లు 22 మంది పిల్లలు, ఆ ఇద్దరి జీతాలు పిల్లల లెక్కన పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి ఎనభై వేలు దాటుద్ది. అలాంటి బడి మూసేసి ఆ తల్లికే ఇంకొంచెం ఎక్కువ ఇచ్చి నచ్చిన స్కూల్లో వేసుకోమంటే తప్పేంటి? నా జీతంలో ఇన్‌కమ్ ట్యాక్సు, దాని మీద 4 శాతం హెల్త్ ఎడ్యుకేషన్ సెస్సు, నెలకి 200 ప్రొఫెషనల్ ట్యాక్సు పోతున్నాయి. అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

కమిటీ మెంబరు, మార్కాపురం వైపు:
అన్నా, నేను మా ఊరి గవర్నమెంటు బడి తల్లిదండ్రుల కమిటీలో ఉన్నా. అడిగే హక్కు మీకుంది, కాదనను. కానీ కట్టేది మీరొక్కరే అన్నట్టు రాశారు చూడండి, అక్కడ బాధేసింది. మీరు కట్టే ఆ సెస్సు రాష్ట్రాలకి పంచే వాటాలోకే రాదు, కేంద్రం దగ్గరే ఉంటది, బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షలాంటి పథకాలకి వాళ్ళ 60 శాతం వాటా కింద కొంత తిరిగొస్తది. ఇన్‌కమ్ ట్యాక్సులో అయినా రాష్ట్రాలన్నిటికీ కలిపి పంచేది 41 శాతం, ఏ రాష్ట్రానికి ఎంతో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2025-26 దాకా మనకి పెట్టింది అందులో 4.047 శాతం. మరి రాష్ట్ర ఖజానాకి నేరుగా పోయేదేంటి? పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, జీఎస్టీలో రాష్ట్రం వాటా. మా ఆయన బండి మీద ఊరూరూ తిరిగి చీరలు అమ్ముతాడు, రోజుకి రెండు లీటర్లు కొట్టిస్తాడు. పెట్రోలు మీద మన దగ్గర 31 శాతం వ్యాటు, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, అన్నీ కలిపితే లీటరుకి పాతిక పైనే. నెలకి వెయ్యి రూపాయల పైన రాష్ట్రానికి కడుతున్నాడు, ఆయనకి జీతం స్లిప్పు లేదు కాబట్టి ఎవరికీ కనపడదు అంతే.

ఇక డబ్బు తల్లికి ఇవ్వొద్దని నేను అనను. నాకు ఇద్దరు పిల్లలు, 26,000 పడ్డాయి. పుస్తకాలు యూనిఫాం బడే ఇస్తది కాబట్టి ఆ డబ్బుతో తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించుకున్నా, పెద్దోడికి కళ్ళజోడు చేయించా, నిజం చెప్తున్నా. ఆ 26,000 మా ఇంటికి చాలా పెద్ద సాయం. కానీ దాన్ని బడికి పెట్టిన ఖర్చు అని లెక్క చెప్తే మాత్రం ఒప్పుకోను. మా బడిలో 58 మంది. తల్లులందరికీ కలిపి వచ్చింది 7,54,000. బడికి ఏడాది మొత్తానికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఎంతో తెలుసా, 31 నుంచి 100 మంది పిల్లలుంటే 25,000. చాక్‌పీసులు, చీపుళ్ళు, రిపేర్లు అన్నీ అందులోనే. పిల్లాడికి 431 రూపాయలు పడుద్ది.

పోయినేడు జూలైలో బోరు మోటర్ కాలిపోయింది. వైండింగ్‌కి 4,500 అన్నాడు మెకానిక్. గ్రాంటు ఇంకా రాలేదు, హెడ్మాస్టర్ గారు జేబులోంచి ఇద్దామంటే అప్పటికే ఆయన రెండు ఫ్యాన్లు సొంత డబ్బుతో వేయించి ఉన్నారు. పదకొండు రోజులు వంట చేసే అక్క గుడి దగ్గర బోరు నుంచి బిందెలు మోసింది, ఆమెకిచ్చేది నెలకి 3,000. బాత్రూములకి తాళం వేశారు. ఆడపిల్లలు ఇంటర్వెల్‌కి ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు, కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. ఆ నెలలోనే నలుగురిని టౌన్లో ప్రైవేటుకి మార్చారు. గ్రాంటు జనవరిలో సగం వచ్చింది, మార్చిలోపు ఖర్చు చెయ్యకపోతే వెనక్కి పోద్దన్నారు, బిల్లు కావాలి ఖాతాకే వెయ్యాలి అన్నారు, మా ఊరి మెకానిక్ దగ్గర బిల్లు పుస్తకం ఎక్కడుంటది.

ప్రైవేటు టీచరమ్మ:
ఒక మాట చెప్తానండి. నేను చిన్న ప్రైవేటు స్కూల్లో పదేళ్ళుగా చేస్తున్నా, జీతం 9,000. తల్లికి డబ్బులు పడతాయని తెలియగానే మా దగ్గర ఫీజు పెంచారు, నాకు రూపాయి పెరగలేదు. తల్లి చేతికిస్తే పిల్లాడికి మంచి చదువు కొనుక్కోవచ్చు అనేది అంత తేలిక కాదు.

విశాఖ ఉద్యోగి:
పెట్రోలు లెక్క నేను ఆలోచించలేదమ్మా, అది ఒప్పుకుంటున్నా. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంటే పిల్లలు లేని చోట ఆ జీతం ఎందుకు? గ్రాంటు 25,000 కాదు లక్ష చేసినా వెళ్ళిపోయిన వాళ్ళు తిరిగొస్తారా?

పాలమూరు హెడ్మాస్టర్:
మా దిక్కు తల్లి ఖాతా స్కీం లేదు సార్, అయినా బడికి పైసలు ఎక్కువేం రాలే. 2025-26ల తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు, అండ్ల విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. కాంగ్రెసోళ్ళు ఎన్నికల మేనిఫెస్టోల 15 శాతం అని రాసిన్రు. ఒక్కటి మాత్రం మంచిగ చేసిన్రు, 2024ల బడికి కరెంటు ఫ్రీ చేసిన్రు, ఊడ్చేతందుకు కడిగేతందుకు పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 దాకా ఇస్తమన్నరు. మా బడికి ఆ పైసలు రెండు మూడు నెలలవి కలిపి వస్తయ్, గనీ వచ్చినంక బడి కళ మారింది. ఊడ్చే మనిషి దొరికింది, బాత్రూంకు నీళ్ళు ఉన్నయ్. గింత చిన్న ముచ్చటకే తల్లిదండ్రులు బడిని ఇంకో తీరు చూస్తున్నరు.

కమిటీ మెంబరు, మార్కాపురం వైపు:
అన్నా, మీ ఊరి బడిలో 22 మందే ఎందుకున్నారో ఒకసారి అడిగి చూడండి. మా దగ్గర 2022లో జీవో 117 అని 3, 4, 5 తరగతులు తీసి హైస్కూల్లో కలిపారు. ఎనిమిదేళ్ళ పిల్ల హైవే దాటాలి. హైవే దాటించే బదులు వ్యాను ఎక్కిద్దాం అని అప్పు చేసి ప్రైవేటుకి పంపారు, అక్కతో పాటు ఒకటో తరగతి చెల్లిని కూడా. 2025లో ఆ జీవో తీసేశారు, తరగతులు వెనక్కొచ్చాయి, పిల్లలు మాత్రం అంత తొందరగా రారు కదా. టీచరుకి జీతం దండగ అనే ముందు పిల్లల్ని ఎవరు పంపించేశారో కూడా చూడాలి. కూలి మానేసి పిల్లని టౌన్‌కి తీసుకెళ్ళలేని తల్లికి ఆ ఇద్దరు టీచర్లే దిక్కు.

నేను అడిగేది లక్ష కూడా కాదు కొత్త డబ్బు కూడా కాదు. మా పిల్లల పేరు మీద పట్టుకున్న 2,000 ఉంది కదా, 58 మందికి 1,16,000 అవుద్ది. అది మా బడి ఖాతాకి రాలేదు. దాన్ని జూన్ నెలలోనే ఆ బడికే వెయ్యండి, హెడ్మాస్టర్, కమిటీ కలిసి ఖర్చు పెడతాం, లెక్క గోడ మీద రాస్తాం. మొన్న కమిటీ మీటింగ్‌లో ఇదే తీర్మానం రాయించి తొమ్మిది మంది సంతకాలు, ఇద్దరు వేలిముద్రలు పెట్టించి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నా. మీ ఊళ్ళో కమిటీలో మీకు తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండన్నా, తీర్మానం కాపీ పంపిస్తా.