సోషల్ పెడగాజీ: అర్థం ఏమిటి, పరిధి ఎంతవరకు?

ప్రశ్న:

తల్లిదండ్రుల సంరక్షణకు దూరమైన పిల్లలు నివసించే ఒక గృహంలో నాలుగేళ్లుగా పనిచేస్తూ, దానితోపాటే సోషల్ వర్క్‌లో పీజీ చదువుతున్నాను. పరిశోధన వ్యాసానికి సోషల్ పెడగాజీని ఎంచుకున్న నాటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఒక పుస్తకం దీన్ని విద్యాశాస్త్రంలో ఒక శాఖ అంటుంది, మరొకటి సోషల్ వర్క్‌కే ఇంకో పేరు అంటుంది, మూడోది ప్రత్యేకమైన వృత్తి అంటుంది. పసిపిల్లల సంరక్షణ, యువజన కేంద్రాలు, వైకల్యం ఉన్నవారికి తోడ్పాటు, వృద్ధుల సంరక్షణ, అన్నీ దీని పరిధిలోనివే అయితే, ఇందులోకి రానిదేమిటి? తెలుగులో 'సామాజిక బోధనాశాస్త్రం' అని రాసి చూపితే, ఇది సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పే పద్ధతా అని మా మార్గదర్శకులు అడిగారు. సిద్ధాంతమూ ఆచరణా తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:

మీ చిక్కులో సగం ఆ అనువాదంలోనే ఉందని నా అభిప్రాయం. 'బోధన' అనగానే తరగతి గది, పాఠం, గురువు కళ్లముందుకు వస్తాయి. ఈ భావన పుట్టిన జర్మన్ సంప్రదాయంలో ప్రధానమైన మాట 'ఎర్ట్సీహుంగ్'. దానికి మన భాషలో దగ్గరగా వచ్చేది 'పెంపకం'. విద్యాబుద్ధులు అని మనం జంటగా చెప్పే మాటలో బుద్ధుల వైపు ఉన్నదంతా, అంటే మనిషి నలుగురిలో మనిషిగా ఎదగడం అనేదంతా, ఇందులో ఉంది.

1844లో జర్మన్ విద్యావేత్త కార్ల్ మాగర్ ఈ పదాన్ని మొదట వాడారు. 1850లో మరో విద్యావేత్త డీస్టర్‌వెగ్ కూడా వాడారు. దీనికి తాత్త్విక పునాది వేసినది మాత్రం జర్మన్ తత్త్వవేత్త పౌల్ నాటోర్ప్. మానవ సమాజం ద్వారానే మనిషి మనిషవుతాడు అన్నది 1899లో వచ్చిన ఆయన గ్రంథానికి మూలసూత్రం. ఆయన దృష్టిలో సోషల్ పెడగాజీ విద్యాశాస్త్రంలో ఒక శాఖ కాదు, ఆ శాస్త్రం మొత్తాన్ని చూడవలసిన కోణం: వ్యక్తి ఎదుగుదలకు ఎలాంటి సమాజం కావాలి, అలాంటి సమాజం నిలవడానికి ఎలాంటి పెంపకం కావాలి అన్నవి ఆయనకు విడదీయరాని ప్రశ్నలు.

1929లో జర్మన్ విద్యావేత్త గెర్ట్రూడ్ బాయ్‌మర్ దీనికి పూర్తిగా వేరైన నిర్వచనం ఇచ్చారు. పెంపకానికి సంబంధించినదై ఉండి, బడికీ కుటుంబానికీ చెందనిదంతా సోషల్ పెడగాజీయే అన్నారు. మీరు చదివిన పుస్తకాలు ఒకదానితో ఒకటి విభేదించడానికి కారణం ఇక్కడుంది. నాటోర్ప్ చెప్పింది ఒక చూపు, బాయ్‌మర్ చెప్పింది ఒక స్థలం. రెండూ ఒకే పేరుతో నేటికీ కొనసాగుతున్నాయి. మీ వ్యాసం తొలి అధ్యాయంలోనే వీటిని వేరుచేస్తే తర్వాతి అధ్యాయాలకు దారి తేలికవుతుంది.

రెండో సమాధానం:

పై వివరణతో ఏకీభవిస్తూ, ఆచరణ వైపు నుంచి కొంత చెబుతాను. నేనూ పిల్లల గృహంలోనే పనిచేశాను.

డెన్మార్క్‌లో 'పెడగాగ్' అయ్యేవారు మూడున్నరేళ్ల డిగ్రీ చదువుతారు. వారు పసిపిల్లల కేంద్రాల్లోనూ, వైకల్యం ఉన్నవారితోనూ, పిల్లల గృహాల్లోనూ పనిచేస్తారు. స్థలాలు వేరైనా, పని చేసే తీరులో రెండు భావనలు వారందరికీ ఉమ్మడిగా కనిపిస్తాయి. ఒకటి 'ఉమ్మడి మూడోది': పెద్దవారూ పిల్లవాడూ ఎదురెదురుగా కూర్చుని అతని సమస్య గురించి మాట్లాడుకోవడానికి బదులు, ఇద్దరికీ నిజంగా ఆసక్తి ఉన్న మూడో పనిలో పక్కపక్కన నిలబడటం. రెండోది వృత్తిపరమైనది, వ్యక్తిగతమైనది, ఆంతరంగికమైనది అనే మూడు పొరలు. పని చేసేవారు తమ వ్యక్తిత్వాన్ని గుమ్మం బయట వదిలి రానక్కరలేదు, కానీ తమ అంతరంగంలోని భారాన్ని పిల్లల మీద దించకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో ప్రతిరోజూ ఆలోచించడమే ఆ వృత్తిలోని కష్టమైన భాగం.

నా అనుభవంలో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదు. మూలన పడి ఉన్న సైకిల్‌ను ఇద్దరం కలిసి విప్పడం మొదలుపెట్టాం. చైను బిగించడం నాకు చేతకాలేదు, అతనికి వచ్చు. నేర్పేవాడు అతను, నేర్చుకునేదాన్ని నేను అయిన ఆ రోజునే అతను తన చెల్లెలి గురించి మొదటిసారి చెప్పాడు. సైకిల్ అతన్ని మాట్లాడించడానికి నేను పన్నిన ఉపాయమై ఉంటే అది పనిచేసేది కాదని గట్టిగా నమ్ముతాను. పిల్లలకు అలాంటివి ఇట్టే తెలిసిపోతాయి. నాకు నిజంగానే ఆ సైకిల్ బాగుపడాలని ఉండింది.

చరిత్రలో దీనికి నేను తలవంచే ఉదాహరణ పోలండ్‌కు చెందిన వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్. 1912 నుంచి వార్సాలో ఆయన నడిపిన అనాథ గృహంలో పిల్లలే న్యాయమూర్తులుగా ఉండే న్యాయస్థానం ఉండేది. పెద్దల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. కోర్చాక్ స్వయంగా దాని ముందు నిలబడ్డారు. హక్కులను గౌరవించడమంటే వాటిని పాఠంగా వినిపించడం కాదనీ, ఆ ఇంటి నియమాల్లోనే అవి ఉండాలనీ ఆయన చేసి చూపారు.

మూడో సమాధానం:

ఇద్దరూ చెప్పినది విలువైనదే, కానీ ప్రశ్న పరిధి గురించి కదా. అక్కడ కొన్ని హెచ్చరికలు అవసరం. సమాజమే మనిషిని మనిషిని చేస్తుందన్న సూత్రం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. 1933 తర్వాత నాజీల పాలనలోని జర్మనీలో 'సముదాయం' అన్న మాటను జాతి పేరుతో మనుషులను వెలివేయడానికి వాడారు. 1960లలో జర్మన్ విద్యావేత్త క్లాస్ మోలెన్‌హావర్ వంటివారు ఈ శాస్త్రాన్ని విమర్శనాత్మకంగా పునర్నిర్మించి, వ్యక్తిని ఉన్న సమాజంలో ఇమిడ్చివేయడం కాదు, దాన్ని ప్రశ్నించగల స్వతంత్రుణ్ణి చేయడం లక్ష్యమన్నారు. ఆ తర్వాత హాన్స్ టీర్ష్, మనుషుల దైనందిన జీవితాన్ని వారి కళ్లతో అర్థం చేసుకోవడం నుంచే సహాయం మొదలవ్వాలని వాదించారు. నా దృష్టిలో పరిధికి గీత ఇక్కడే ఉంది. ఒకరిని లోబరచుకోవడానికి చేసే పని ఎంత ఆప్యాయంగా సాగినా సోషల్ పెడగాజీ కాదు.

మరో విషయం. ఇంగ్లాండ్ ప్రభుత్వం ఐరోపాలోని ఇతర దేశాల నుంచి ఈ వృత్తిలో శిక్షణ పొందినవారిని రప్పించి, కొన్ని పిల్లల గృహాల్లో ప్రయోగాత్మకంగా నియమించింది. 2011లో వెలువడిన మూల్యాంకనంలో ఆ గృహాలకూ మిగతావాటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. దీన్నిబట్టి సిద్ధాంతం తప్పని నేను అనను. చుట్టూ ఉన్న నియమాలు, జీతాలు, పై అధికారుల ఆలోచనలు అలాగే ఉండగా ఇద్దరు ముగ్గురు మనుషులను తెచ్చి పెడితే పద్ధతి మారిపోదు. సైకిల్ కథ నన్నూ కదిలించింది, అయితే మీ వ్యాసంలో అలాంటి కథల పక్కన ఈ ఫలితాన్నీ ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. 'చూపు', 'స్థలం' అన్న విభజనతోనే మొదటి అధ్యాయాన్ని తిరిగి రాస్తాను, ఇంగ్లాండ్ అనుభవాన్నీ చేరుస్తాను. రెండో సమాధానం ఇచ్చినవారిని ఒక్కటి అడగాలని ఉంది. మా గృహంలోని రికార్డు పుస్తకంలో 'కౌన్సెలింగ్ జరిగిన సంఖ్య' అన్న గడి మాత్రమే ఉంది. సైకిల్ విప్పిన సాయంత్రాన్ని మీరు ఎక్కడ, ఎలా నమోదు చేశారు?

రెండో సమాధానం ఇచ్చినవారు:

మా పుస్తకంలోనూ గడి లేదండీ. ఆ వారం కౌన్సెలింగ్ సంఖ్య సున్నా అనే వేశాను. వెనుక ఖాళీ పేజీలో తేదీ వేసి, ఏ పని చేశామో, ఎవరు ఎవరికి ఏం నేర్పారో నాలుగు వాక్యాలు రాసి, అతనికి చదివి వినిపించాను. చెల్లెలి సంగతి రాయవద్దన్నాడు, కొట్టివేశాను. చైను తానే బిగించానని చేర్చమన్నాడు, చేర్చాను.