వి.వి.ఎస్. లక్ష్మణ్ టెస్టు జీవితాన్ని ఏ కొలతతో చూడాలి?

ప్రశ్న (కొత్త పాఠకుడు):

అందరికీ నమస్కారం. లక్ష్మణ్ గారు ఆడుతున్న రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ణి. ఇప్పుడు పాత వీడియోలూ గణాంకాలూ చూస్తుంటే ఒక సందేహం కలిగింది. 134 టెస్టుల్లో 8,781 పరుగులు, 45.97 సగటు, 17 శతకాలు అన్నవి గొప్ప అంకెలే. అయితే అదే కాలంలో ఆడిన టెండూల్కర్ 51, ద్రావిడ్ 36 శతకాలు చేశారు. పైగా లక్ష్మణ్ గారు ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా పెద్దవాళ్లు ఆయన పేరెత్తగానే వీరిద్దరితో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఆప్యాయంగా మాట్లాడతారు. కోల్‌కతాలో చేసిన 281 ఒక్కటే ఇందుకు కారణమా? వివరంగా చెప్పగలిగినవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు (స్కోర్‌బుక్):

మంచి ప్రశ్న అడిగారు. 281 గురించి మాట్లాడే ముందు, దానికి ఏడాది క్రితం జరిగినది తెలుసుకోవాలి. 1996 నవంబరులో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికాపై టెస్టుల్లోకి అడుగుపెట్టి, రెండో ఇన్నింగ్స్‌లో 51 పరుగులు చేసిన లక్ష్మణ్‌ను ఆ తర్వాత జట్టు అవసరాల కోసం ఓపెనర్‌గా పంపడం మొదలుపెట్టారు. చిన్ననాటి నుంచి మధ్య వరుసలో ఆడిన బ్యాటర్‌కు కొత్త బంతిని ఎదుర్కోవడం పూర్తిగా వేరే పని. అయినా 2000 జనవరిలో సిడ్నీలో జట్టు మొత్తం 261 పరుగులకు ఆలౌటైన ఇన్నింగ్స్‌లో ఆయన ఒక్కరే 167 చేశారు. ఆ తర్వాత కొద్ది కాలానికే జట్టులో చోటు పోయినప్పుడు, ఇక మీదట ఓపెనర్‌గా ఆడబోనని ఆయన తేల్చి చెప్పారు. భారత జట్టులో స్థానం ఇంకా స్థిరపడని పాతికేళ్ల కుర్రవాడు అలా చెప్పడమంటే, తలుపు తానే మూసుకున్నట్టేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

దానికి జవాబు ఆయన రాష్ట్ర జట్లు ఆడే దేశవాళీ పోటీ రంజీలోనే ఇచ్చారు. 1999-2000 సీజన్‌లో హైదరాబాద్ తరఫున 8 శతకాలతో 1,415 పరుగులు చేశారు. కర్ణాటకతో జరిగిన సెమీఫైనల్‌లో చేసిన 353 అందులోదే. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే, కోల్‌కతా దాని ఫలితం మాత్రమే.

ఇక 2001 మార్చి సంగతి. ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి కోల్‌కతాకు వచ్చింది. వాళ్ల 445కి జవాబుగా మనం 171కే కుప్పకూలి, 274 పరుగుల లోటుతో ఫాలోఆన్, అంటే వెంటనే రెండో ఇన్నింగ్స్ కూడా, ఆడవలసి వచ్చింది. తొలి ఇన్నింగ్స్‌లో 59 చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగిన లక్ష్మణ్‌ను, రెండో ఇన్నింగ్స్‌లో ద్రావిడ్‌కు బదులు మూడో స్థానంలో పంపాలని కోచ్ జాన్ రైట్, కెప్టెన్ గంగూలీ నిర్ణయించారు. ఆరో స్థానంలో వచ్చిన ద్రావిడ్‌తో కలిసి ఆయన 376 పరుగులు జోడించారు. నాలుగో రోజంతా, అంటే మార్చి 14న, ఒక్క వికెట్ కూడా పడలేదు. ఆ ఒక్క రోజే 335 పరుగులు వచ్చాయి.

వీడియో చూసేటప్పుడు మీరు షేన్ వార్న్ ఓవర్లను ప్రత్యేకంగా గమనించండి. లెగ్ స్టంప్ బయట అరిగిన గరుకు నేలమీద వార్న్ బంతి వేస్తుంటే, లక్ష్మణ్ ముందుకు వచ్చి ఒక బంతిని కవర్స్ మీదుగా కొట్టారు. దాదాపు అదే చోట పడిన మరో బంతిని, అది తిరిగే దిశకు ఎదురుగా మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపారు. ఒకే రకం బంతికి రెండు వైపులా బౌండరీ వస్తుంటే, ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో ఏ కెప్టెన్‌కైనా తోచదు. 452 బంతుల్లో 44 ఫోర్లతో చేసిన ఆ 281, అంతవరకు భారత రికార్డుగా ఉన్న గవాస్కర్ 236 నాటౌట్‌ను దాటింది. చివరి రోజు హర్భజన్ ఆరు వికెట్లు తీయడంతో మనం 171 పరుగుల తేడాతో గెలిచాము.

జవాబు (ఉప్పల్ వాసి):

స్కోర్‌బుక్ గారు చెప్పినదంతా నిజమే. అయితే శతకాల లెక్క దగ్గర మీరు ఆగిపోకూడదని నా మనవి. లక్ష్మణ్ ఎక్కువగా ఆడినది అయిదు, ఆరు స్థానాల్లో. ఆయన కుదురుకునే సరికి అవతలి కొసన బౌలర్లు మాత్రమే మిగిలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 17 శతకాల పక్కన 56 అర్ధశతకాలు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

2010ని చూడండి. ఆగస్టులో శ్రీలంకపై కొలంబో పి. సారా మైదానంలో 257 పరుగుల లక్ష్యం ముందుండగా 62కే నాలుగు వికెట్లు పడ్డాయి. ఆయన 103 నాటౌట్‌తో గెలిపించి సిరీస్‌ను సమం చేశారు. అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియాపై 216 చేయాల్సి ఉండగా 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. వెన్నునొప్పితో నిటారుగా నిలబడలేని స్థితిలో, పరుగు తీయడానికి రైనాను రన్నర్‌గా పెట్టుకుని, ఇషాంత్ శర్మతో 81 పరుగులు జోడించారు. ఇషాంత్ ఔటైనప్పుడు ఇంకా 11 పరుగులు కావాలి. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, పరుగు విషయంలో తడబడిన ప్రజ్ఞాన్ ఓఝాపై బ్యాటెత్తి కేకలు వేసిన దృశ్యం ఆ మ్యాచ్‌దే. ఒక్క వికెట్ తేడాతో గెలిచిన ఆ టెస్టులో ఆయన స్కోరు 73 నాటౌట్. డిసెంబరులో దక్షిణాఫ్రికాపై డర్బన్‌లో, మిగిలినవారెవరూ నిలదొక్కుకోలేని పిచ్‌పై రెండో ఇన్నింగ్స్‌లో 96 చేశారు; మనం 87 పరుగులతో గెలిచాము. ఈ 73, ఈ 96 శతకాల పట్టికలో కనిపించవు.

ప్రపంచ కప్ విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంత వేరు. 2003 జట్టులో ఆయనకు బదులు దినేష్ మోంగియాను తీసుకోవడం ఆయనను ఎంతగా బాధించిందంటే, ఆట మానేద్దామని కూడా అనుకున్నట్టు ఆయనే తర్వాత చెప్పారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ వికెట్ల మధ్య వేగం, బౌండరీ దగ్గర చురుకుదనం వన్డేల్లో ఆయన బలాలు కావు. స్లిప్‌లో మాత్రం నమ్మకమైన ఫీల్డర్, టెస్టుల్లో 135 క్యాచ్‌లు పట్టారు. సెలక్టర్ల ఆలోచనకు ఆ మేరకు ఆధారం ఉంది. అయితే 86 వన్డేల్లో చేసిన ఆరు శతకాల్లో నాలుగు నాటి ఆస్ట్రేలియాపైనే వచ్చాయని, 2004లో లాహోర్‌లో సిరీస్ తేల్చిన మ్యాచ్‌లో 107 చేశారని గుర్తుచేసుకుంటే, ఆ ఆధారం చాలదనే నాకు అనిపిస్తుంది.

కొత్త పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొహాలీ మ్యాచ్ ఈ రాత్రే చూస్తాను. సొంత ఊరిలో టెస్టు ఉండగా దానికి ముందే రిటైర్ అయ్యారని విన్నాను. అది ఎందుకు జరిగింది?

జవాబు (స్కోర్‌బుక్):

2011లో ఇంగ్లండ్‌లోనూ, ఆ తర్వాత ఆస్ట్రేలియాలోనూ జట్టు చిత్తుగా ఓడింది. ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టుల్లో లక్ష్మణ్ చేసినవి 155 పరుగులే. విమర్శలు వచ్చినా, 2012 ఆగస్టులో న్యూజిలాండ్‌తో సిరీస్‌కు ఆయనను ఎంపిక చేశారు. తొలి టెస్టు 23న ఉప్పల్‌లోనే. అయినా ఆయన 18వ తేదీన హైదరాబాద్‌లో విలేకరుల ముందుకు వచ్చి, తక్షణమే అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు. సొంత ప్రేక్షకుల మధ్య వీడ్కోలు మ్యాచ్ ఆడి తప్పుకోవచ్చు కదా అని అప్పుడు మనందరికీ అనిపించింది. కానీ వీడ్కోలు కోసం ఒక టెస్టు ఆడితే ఆ చోటు ఒక యువ ఆటగాడికి దక్కదు. తర్వాత పదేళ్లు ఆయన చేసిన పనిని బట్టి చూస్తే ఆ నిర్ణయం ఆయన స్వభావానికి సరిపోయినదే. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు మెంటార్‌గా పనిచేశారు. 2021 చివరలో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యతలు తీసుకున్నారు. 2022 అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన కుర్రాళ్ల వెంట వెస్టిండీస్‌కు వెళ్లినవారిలో ఆయన కూడా ఉన్నారు.

మొహాలీ చూశాక వీలుంటే ఆస్ట్రేలియాపై 2003 అడిలైడ్ టెస్టు కూడా చూడండి. ద్రావిడ్ 233 అందరికీ గుర్తుంది. అవతలి కొసన లక్ష్మణ్ చేసిన 148, వాళ్లిద్దరూ జోడించిన 303 పరుగులు లేకపోతే ఆ టెస్టు మన చేతికి వచ్చేది కాదు.