యాషికా మ్యాట్ 124జి కొనాలా, రోలీకార్డ్ కొనాలా? చతురస్రపు ఫిల్ము కెమెరాలు వాడేవారు చెప్పండి

భార్గవి, విజయవాడ:

అందరికీ నమస్కారం. మా పేటలో ఎన్నో ఏళ్లుగా నడిచిన ఫోటో స్టూడియోను ఈ నెలాఖరుకు మూసేస్తున్నారు. యజమానికి వయసు మీద పడింది, పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఆయన దగ్గర పైనుంచి తల వంచి చూసే జంట లెన్సుల కెమెరాలు రెండున్నాయి. ఒకటి యాషికా మ్యాట్ 124జి, రెండోది రోలీకార్డ్ ఫైవ్. దాదాపు ఒకే ధర చెబుతున్నారు. నేను ఒకటే కొనగలను.

35 ఎంఎం ఫిల్ముతో కొంతకాలంగా తీస్తున్నాను. నలుపు తెలుపు రోళ్లు ఇంట్లోనే కడుక్కుంటాను. దానికన్నా వెడల్పైన 120 ఫిల్ము మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు. అలమరలో అలంకారంగా పెట్టుకోవడానికి కాదు, మనుషుల ఫోటోలు తీయడానికే కావాలి: పూల మార్కెట్లో దండలు కట్టేవాళ్లు, మా అమ్మమ్మ, ఆవిడ ఇరుగుపొరుగు.

యాషికాలో వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదలడం లేదు. రోలీకార్డ్‌లో పైనుంచి చూసే తెర మసకగా ఉంది. దుకాణంలో నిలబడి ఏమేమి చూసుకోవాలి? ఏది తీసుకోమంటారు?

చీకటిగది, హైదరాబాద్:

భార్గవి గారూ, పేరును బట్టి నిర్ణయించుకోకండి. ఆ రెండింటిలో దేని షట్టరు మీ కళ్ల ముందు నిండుగా ఒక సెకను తెరుచుకుని మూసుకుంటుందో అదే తీసుకోండి. తెనాలిలో మా మేనమామకు స్టూడియో ఉండేది. చదువుకునే రోజుల నుంచీ అక్కడే పని నేర్చుకున్నాను, ఈ తరహా కెమెరాలతోనే పెళ్లిళ్లు తీశాను. ఇప్పుడు నా దగ్గరున్నవాటిలో చాలావరకు ఇలా మూతపడిన స్టూడియోల నుంచి తెచ్చుకున్నవే. అందుకే వివరంగా చెబుతాను.

రోలీలను జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె, హైడెకెల సంస్థ తయారు చేసేది. 1929లో రోలీఫ్లెక్స్ వచ్చింది, అంత డబ్బు పెట్టలేనివారి కోసం 1933లో రోలీకార్డ్ తెచ్చారు. ధర తగ్గించారు గానీ పనితనం తగ్గించలేదు. మీరు చెప్పిన ఫైవ్‌లో ఉండేది ష్నైడర్ వారి జెనార్ 75 మి.మీ. లెన్సు. యాషికా 124జి జపాన్‌లో 1970 నుంచి 1986 దాకా తయారైంది, దానిది యాషినాన్ 80 మి.మీ. రెండూ నాలుగు గాజుల లెన్సులే, రెండిటి వెడల్పూ ఎఫ్ 3.5 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు తెరుచుకునే రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్ 8 దగ్గర తీసిన ప్రింట్లు పక్కపక్కన పెడితే ఏది దేనిదో నేనూ చెప్పలేను.

తేడా చేతికి తెలుస్తుంది. యాషికాలో పక్కనున్న పిడి ఒకసారి తిప్పితే ఫిల్మూ జరుగుతుంది, షట్టరూ బిగుస్తుంది. తలంబ్రాల దగ్గర అది ప్రాణం కాపాడే సౌకర్యం. రోలీకార్డ్‌లో గుండీ తిప్పి ఫిల్ము జరపాలి, తర్వాత లెన్సు కింద ఉన్న చిన్న మీటను ఒక పక్కకు నెడితే షట్టరు బిగుస్తుంది, రెండో పక్కకు నెడితే ఫోటో పడుతుంది. నెమ్మది. కానీ మనుషులను కూర్చోబెట్టి మాట్లాడుతూ తీసేవారికి ఆ నెమ్మది ఇబ్బంది కాదు. పైగా లోపల పళ్లచక్రాలు తక్కువ కాబట్టి పాడయ్యేదీ తక్కువే.

ఇక దుకాణంలో చూడాల్సినవి. మొదట షట్టరు. ఫిల్ము లేకుండా వెనక తలుపు తెరిచి, వేగాన్ని ఒక సెకనుకు పెట్టి నొక్కండి. గడియారపు యంత్రంలా ఒకే తీరున గిర్రుమనే శబ్దం వినిపించాలి. మధ్యలో నీరసించినా, ఆగి మళ్లీ కదిలినా లోపలి జిడ్డు ఎండిపోయిందన్న మాట. బాగు చేయించుకోవచ్చు, అయితే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి. ఆ తర్వాత అర సెకను, పావు సెకను, అలా 1/500 దాకా వెళ్లండి. రోలీకార్డ్‌లో 1/500 పెట్టాలంటే షట్టరు బిగించకముందే పెట్టాలి, బిగించాక ఆ అంకె మీదికి బలవంతంగా తిప్పకూడదు. సెల్ఫ్ టైమరు మీటను మాత్రం ముట్టుకోకండి. చాలా ఏళ్లుగా కదలని టైమరు మధ్యలో చిక్కుకుంటే షట్టరు మొత్తం ఆగిపోతుంది.

షట్టరు రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి. పొడిగా, మెరుపు లేకుండా ఉండాలి. తర్వాత షట్టరును బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్థానం) మీద తెరిచి పట్టుకుని, ఫోను టార్చి వెనక నుంచి వేసి, కింది లెన్సులోకి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. అంచున కొంచెం ఉంటే భయపడక్కరలేదు, నడిమధ్యలో ఉంటే వదిలేయండి. పై లెన్సులో ఉన్నా ఫోటోకు నష్టం లేదు, అది మనం చూడడానికే.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. పై లెన్సూ కింది లెన్సూ ఒకే దూరాన్ని ఒకేసారి పట్టుకుంటున్నాయా? ఫంగస్ తుడవడానికి ఎవరో పై లెన్సు విప్పి, మళ్లీ బిగించేటప్పుడు ఒక చుట్టు తక్కువ తిప్పి ఉంటారు. పైన చూస్తే అన్నీ స్పష్టంగా ఉంటాయి, నెగెటివ్ మీద అన్నీ మసకే. ఇలా పట్టుకోవాలి: వెనక తలుపు తీసి, ఫిల్ము కూర్చునే పట్టాల మీద ట్రేసింగ్ కాగితం ముక్క బిగుతుగా అంటించండి. షట్టరు బి మీద తెరిచి ఉంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభం వైపు తిప్పండి. పై తెరలో స్తంభం పదునుగా కనిపించినప్పుడు కింద కాగితం మీద కూడా పదునుగా ఉండాలి. తర్వాత రెండు మీటర్లలో ఉన్న ఏదైనా అక్షరాల బోర్డుతో మళ్లీ చూడండి.

రోలీకార్డ్ మసకకు కారణం లోపలి అద్దం కావచ్చు. దానికి వెండి పూత పైవైపునే ఉంటుంది, గుడ్డతో రుద్దితే పూతే ఊడి వస్తుంది. గాలి ఊది దుమ్ము వదిలించండి, అంతే. అద్దం పాడైనంత మాత్రాన ఫోటోకు ఏమీ కాదు, కొలతకు కోయించిన కొత్త అద్దం వేయించవచ్చు.

మీటరు గురించి దిగులు పడకండి. మన ఎండకు మీటరు అక్కరలేదు. 400 వేగం (ఎంత తక్కువ వెలుతురు చాలో చెప్పే అంకె) ఫిల్ముకు మిట్టమధ్యాహ్నం 1/500, ఎఫ్ 16. పందిరి నీడలో 1/125, ఎఫ్ 8. అక్కడి నుంచి అటూ ఇటూ చూసుకోండి, చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. ఈ కెమెరాలు 1/500 దాటి వెళ్లవు కాబట్టి వేసవిలో 100 లేదా 125 వేగం ఫిల్మే సుఖం. లేదా పసుపు ఫిల్టరు వేసుకోండి, ఒక స్టాపు, అంటే వెలుతురు సగానికి తగ్గుతుంది, మబ్బులూ విడిగా నిలుస్తాయి. రెండు కెమెరాలకూ బే వన్ అనే కొలత ఫిల్టరే సరిపోతుంది.

ఇక చతురస్రం. ఒక్కో రోలుకు పన్నెండు బొమ్మలు, ఒక్కోటి ఇంచుమించు 56 మి.మీ. పొడవు, అంతే వెడల్పు. నిలువా అడ్డమా అని కెమెరాను తిప్పే పనే లేదు. మా స్టూడియోలో దీన్ని చతురస్రంగా ఎప్పుడూ చూడలేదు. కాగితాలు దీర్ఘచతురస్రంగా వచ్చేవి కాబట్టి, ఎన్‌లార్జరు (నెగెటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రం) కింద అంచులు కోసేవాళ్లం. అందుకే తీసేటప్పుడే చుట్టూ చోటు వదలమని మామయ్య పోరేవారు. మీకా బలవంతం లేదు. నాలుగు మూలలూ వాడండి. మనిషిని నడిమధ్యలో నిలబెట్టడానికి జంకవద్దు, గుమ్మం మధ్యలో నిలబడిన అమ్మమ్మకు చతురస్రం కన్నా మంచి చట్రం లేదు.

తల వంచి చూడడంలో ఇంకో గొప్పతనం ఉంది. మీ కళ్లకూ ఎదుటి మనిషికీ మధ్య కెమెరా అడ్డు రాదు. మీరు తల ఎత్తి మాట్లాడవచ్చు, నవ్వించవచ్చు, వాళ్లు మీ ముఖం చూస్తూ ఉంటారు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవాలా కూడా రోలీఫ్లెక్స్ వాడారు. ఒకటి గుర్తుంచుకోండి: నడుము దగ్గర నుంచి తీస్తే నిలబడినవాళ్ల గడ్డం కింది భాగం ఎక్కువ కనిపిస్తుంది. ముఖాలకు కెమెరాను గుండె దాకా ఎత్తండి. కింద కూర్చుని దండలు కట్టేవాళ్లకైతే నడుము ఎత్తు కూడా ఎక్కువే, మీరూ కూర్చోవాలి. తెరలో కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి, నడిచే మనిషిని వెంబడించడం మొదట్లో కష్టం. దగ్గర నుంచి తీస్తే మీరు చూసేది పై లెన్సులోంచి, తీసేది కింది లెన్సుతో కాబట్టి తల పైభాగం తెగవచ్చు. తల పైన కాస్త ఎక్కువ చోటు ఉంచుకోండి.

సముద్రతీరం, విశాఖపట్నం:

చీకటిగది గారు చెప్పినవాటికి నిల్వ గురించి ఒక్క మాట కలుపుతాను. మా ఊరి గాలిలో తేమ ఎక్కువ, విజయవాడలోనూ వానాకాలం తక్కువేమీ కాదు. కొన్న రోజే ఆ తోలు సంచీలోంచి కెమెరాను బయటికి తీసేయండి. తోలు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అంతకన్నా అనువైన చోటు లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు చాలు. పొట్లాల రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవారుంటారు, వినకండి, ఆ దుమ్ము షట్టరులోకి పోతుంది. షట్టరు బిగించి ఉంచవద్దు. వారానికోసారి బయటికి తీసి అన్ని వేగాల్లో నొక్కి, కాసేపు వెలుతురులో ఉంచండి.

రమణ, న్యూజెర్సీ:

నా ఓటు రోలీకార్డ్‌కు. రేపు అమ్ముకోవాలన్నా విలువ నిలుస్తుంది, ఇక్కడ దాన్ని పూర్తిగా విప్పి శుభ్రం చేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు.

యాషికా తీసుకుంటే మీటరు బతికే అవకాశం ఉంది. దానికి కావలసింది 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ, ఇప్పుడది తయారు కావడం లేదు. 1.5 వోల్టులది వేస్తే వెలుతురు ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది, బొమ్మలు నల్లబడతాయి. వినికిడి యంత్రాలకు వాడే 675 నంబరు జింక్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ చిన్న రబ్బరు వలయం పెడితే సరిగ్గా కూర్చుంటుంది. పై కాగితం ఊడదీశాక కొన్ని నెలలే పనిచేస్తుంది. ఇంకో సంగతి, యాషికా వెనక తలుపులోని పలకకు 120, 220 (రెట్టింపు పొడవు ఫిల్ము) అని రెండు స్థానాలుంటాయి. 120 మీదే ఉందో లేదో చూసుకోండి.

ఇది చదివి అమెరికాలో పాత సామాన్ల అమ్మకాల్లో చతురస్రపు కోడక్ కెమెరాలు కొనాలనుకునే వారికి ఒక హెచ్చరిక: డ్యుయాఫ్లెక్స్ లాంటివి 620 ఫిల్మువి. ఫిల్ము వెడల్పు ఒకటే గానీ చుట్ట సన్నది. చీకట్లో 120 ఫిల్మును 620 చుట్టకు మార్చుకోగలిగితేనే కొనండి.

అటుకులబడి, కాకినాడ:

రెండూ కుదరకపోతే అగ్ఫా క్లిక్ త్రీ ఉండనే ఉంది కదా? బరోడాలో తయారై మన దేశమంతా ఇంటింటికీ చేరిన కెమెరా. అదే 120 ఫిల్ము, అవే పన్నెండు చతురస్రాలు, చవక. వెనకనున్న ఎర్ర కిటికీలోంచి అంకెలు చూసి తిప్పుకోవాలి. ఇప్పటి వేగమైన ఫిల్ములకు ఆ కిటికీ మీద నల్ల టేపు అంటించి, తిప్పేటప్పుడు మాత్రమే, నీడలో ఆ టేపు తీయండి.

చీకటిగది, హైదరాబాద్:

క్లిక్ త్రీ అంటే నాకూ ప్రాణమే. కానీ భార్గవి గారికి దండలు కట్టే చేతులు కావాలి. దగ్గరి దూరాలు పట్టుకోలేని కెమెరా ఆవిడ పనికి రాదు.

రమణ గారూ, అమ్మకపు విలువ గురించి మీతో ఏకీభవించలేను. అమ్మాలనే ఆలోచనతో కొన్నవారు కెమెరాను వాడరు, వాడని షట్టరు ఎండిపోతుంది.

భార్గవి, విజయవాడ:

నిన్న వెళ్లి చూశాను. యాషికా సెకను దగ్గర ఆగిపోతోంది, అర సెకను కూడా నత్తినత్తిగా ఉంది. రోలీకార్డ్ అన్ని వేగాల్లో చక్కగా పలికింది. ట్రేసింగ్ కాగితం పరీక్షలో స్తంభం, బోర్డు రెండూ పైనా కిందా ఒకేలా వచ్చాయి. పై లెన్సులో ఒక మూల ఫంగస్ పోగులున్నాయి, కింది లెన్సు శుభ్రం. రోలీకార్డే తీసుకున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

ఇంటి దగ్గర ఫిల్ము కడగడం గురించి ఒక సందేహం: ఇప్పుడు మా కుళాయి నీళ్లు చాలా వేడిగా వస్తున్నాయి. 35 ఎంఎంకు పాటించిన సమయాలే 120కి సరిపోతాయా?

చీకటిగది, హైదరాబాద్:

చాలా సంతోషం. అదే ఫిల్ము, అదే డెవలపరైతే సమయాలు మారవు, ట్యాంకులో పోసే ద్రావణం మాత్రం ఎక్కువ పడుతుంది. హెచ్‌పీ5 ఫిల్మును పలచన చేయని డి76 డెవలపరులో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడుగుతాం. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గుతుంది, అయిదు నిమిషాల కన్నా తగ్గితే ఆకాశం ఎగుడుదిగుడుగా వస్తుంది. అందుకని బకెట్లో మంచుముక్కల సంచీ వేసి, డెవలపరు, హైపో (బొమ్మను నిలిపే ద్రావణం), కడిగే నీళ్లు మూడింటినీ అందులో ఉంచి ఒకే వేడికి తీసుకురండి. 120 ఫిల్ము వెడల్పుగా ఉంటుంది, రీలులోకి ఎక్కించేటప్పుడు వంగితే నెలవంక మచ్చ పడుతుంది. పనికిరాని రోలు ఒకటి సంపాదించి వెలుతురులోనే సాధన చేయండి.

ఇంకొక్క మాట, ఇది మిమ్మల్ని వేడుకుంటున్నాను. నెలాఖరులోగా మళ్లీ ఆ స్టూడియోకు వెళ్లి పాత నెగెటివ్‌లు ఏమయ్యాయో అడగండి. ఫిల్ములోని వెండి కోసం బస్తాల్లెక్కన అమ్మేసిన స్టూడియోలను నేను చూశాను. ఆ చతురస్రాల్లో, ప్రింటు వేసేటప్పుడు కోసేసిన అంచుల్లో, ఆల్బంలో లేని మనుషులున్నారు: పందిట్లో పక్కన నిలబడిన పాలేరు, గుమ్మం వెనక నుంచి తొంగి చూసే పిల్లలు, వంటవాళ్లు. వాళ్లకు ఇంకో ఫోటో ఉండి ఉండకపోవచ్చు.

భార్గవి, విజయవాడ:

అడిగాను. అటక మీద రేకు పెట్టెల్లో ఉన్నాయట, ఏళ్లుగా ఎవరూ తెరవలేదు. ఆదివారం దింపి చూద్దామన్నారు. వెళ్లేముందు ఏమి సిద్ధం చేసుకోవాలి?

చీకటిగది, హైదరాబాద్:

నూలు చేతి తొడుగులు, మెత్తటి కుంచె, ఆమ్లం లేని కాగితపు కవర్లు, పెన్సిలు తీసుకెళ్లండి. మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే ఆ పెట్టెను మిగతావాటికి దూరంగా పెట్టండి, ఒక ఫిల్ము నుంచి ఇంకోదానికి పాకుతుంది. అంటుకుపోయినవాటిని లాగి విడదీయవద్దు. కవర్ల మీద యజమాని రాసుకున్న పేర్లు, తేదీలు అలాగే కొత్త కవర్ల మీద పెన్సిలుతో ఎక్కించండి. ఆయన ఎదురుగా ఉండగానే అడిగి రాయండి, ఆ ముఖాలు ఎవరివో చెప్పగలిగింది ఆయనే. ఏ కుటుంబానివో తెలిసినవి వాళ్లకు చూపించాకే బయట పెట్టండి. స్కానరు లేకపోయినా ఫరవాలేదు, తెల్లటి వెలుగు పలక మీద పెట్టి ఫోనుతో తీసినా ఏ కవరులో ఎవరున్నారో తెలిసేంత స్పష్టంగా వస్తుంది. పెట్టెలు ఎక్కువైతే ఇక్కడ రాయండి, నేనూ ఒక రోజు రైలెక్కి వస్తాను.