ఫార్మకాలజీలో బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?

ప్రశ్న – బి.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థిని, నల్లగొండ

అందరికీ నమస్కారం. మాకు మూడో సెమిస్టరులో ఫార్మకాలజీ మొదలైంది. మందు రక్తంలో కలవడం, కాలేయంలో మార్పు చెందడం, మూత్రపిండాల ద్వారా బయటికి పోవడం వంటి తొలి పాఠాలు బాగానే అర్థమయ్యాయి. అటానమిక్ నాడీ వ్యవస్థ (మన ప్రమేయం లేకుండా గుండె, గ్రంథులు వంటివాటిని నడిపేది) మీద పనిచేసే మందుల దగ్గరే ఆగిపోయాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల ఆ పేర్లకు నోరు తిరగడం లేదు. దానికి తోడు ఒక్కొక్క మందుకూ ఉపయోగాలు, దుష్ప్రభావాలు, ఇవ్వకూడని సందర్భాలు విడివిడిగా కంఠస్థం చేస్తుంటే రాత్రి చదివింది పొద్దుటికి గుర్తుండడం లేదు. ఈ అధ్యాయాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు – స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

చెల్లెమ్మా, మందుతో మొదలుపెట్టకండి, రోగితో మొదలుపెట్టండి. మన రెండు జిల్లాల్లోనూ పత్తి ఎక్కువ, పురుగుమందూ ఎక్కువే. అత్యవసర విభాగంలో డ్యూటీ పడితే మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగినవారినో, పిచికారీ చేస్తూ పడిపోయినవారినో మీరు తప్పక చూస్తారు. కనుపాపలు సూదిమొనంత అయిపోతాయి; నోటి నుంచి చొంగ, కళ్ల నుంచి నీరు, ఒళ్లంతా చెమట కారుతుంటాయి; ఛాతీ నిండా కఫం చేరుతుంది, నాడి నెమ్మదిస్తుంది, విరేచనాలు అవుతాయి. ఇవన్నీ వేర్వేరు లక్షణాలుగా కనిపించినా మూలం ఒక్కటే. నాడుల సంకేతాలను చేరవేసే అసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే కోలినెస్టరేజ్ ఎంజైమును ఆ విషం స్తంభింపజేయడంతో, అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి గ్రంథులు, గుండె వంటివాటిలో దాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకాలను అదే పనిగా ప్రేరేపిస్తుంది.

ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆ గ్రాహకాలనే అడ్డుకుంటుంది. కాబట్టి పై లక్షణాలన్నింటినీ తిరగేసి రాస్తే అట్రోపిన్ దుష్ప్రభావాలు వచ్చేస్తాయి: నోరు ఎండిపోవడం, కనుపాప విచ్చుకోవడం, గుండె వేగం పెరగడం, మూత్రం బిగపట్టడం, చెమట పట్టక ఒళ్లు కాలిపోవడం. కనుపాప విచ్చుకుంటే ఎవరికి ప్రమాదమో, మూత్రం బిగపడితే ఎవరికి ఇబ్బందో ఆలోచించండి. కొన్ని రకాల గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారికి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధులకు ఈ మందును ఎందుకు ఆచితూచి ఇస్తారో మీకే తెలుస్తుంది. చేల గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో కూడా ఈ కోవకు చెందిన ఆల్కలాయిడ్లే ఉంటాయి గనుక, దాని గింజలు తిన్నవారిలో పురుగుమందు తాగినవారికి సరిగ్గా వ్యతిరేకమైన చిత్రం కనిపిస్తుంది. ఆ ఇద్దరు రోగులను పక్కపక్కన ఊహించుకుంటే ఈ అధ్యాయంలో సగం పూర్తయినట్లే.

విద్యార్థిని

ధన్యవాదాలు అక్కా, ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. ఒక్క సందేహం మిగిలింది. పురుగుమందు తాగినవారిలో కండరాలు అదరడం, తర్వాత చచ్చుబడడం కూడా ఉంటాయని చదివాను. అట్రోపిన్ ఇచ్చినా అవి ఎందుకు తగ్గవు?

జవాబు – ఫార్మకాలజీ అధ్యాపకుడు

మంచి ప్రశ్న; పరీక్షలోనూ అడగదగినదే. అస్థి కండరాల మీద ఉండేవి నికోటినిక్ గ్రాహకాలు. అక్కడ కూడా అసిటైల్‌కోలినే పనిచేస్తుంది గానీ, అట్రోపిన్‌కు వాటితో సంబంధం లేదు. అందుకే ప్రాలిడాక్సిమ్ ఇస్తారు. అది గ్రాహకం జోలికి పోకుండా, విషం పట్టుకున్న ఎంజైమును విడిపించే ప్రయత్నం చేస్తుంది. ఆలస్యమైతే ఆ బంధం విడదీయలేనంతగా గట్టిపడుతుంది కాబట్టి దానిని త్వరగా ఇవ్వడం ముఖ్యం. అట్రోపిన్‌ను కొద్ది నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ ఇచ్చేటప్పుడు ప్రధానంగా గమనించవలసినవి ఊపిరితిత్తుల్లో కఫం ఆరిపోవడం, నాడి, రక్తపోటు మెరుగుపడడం. కనుపాప ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదు.

ఇక్కడి నుంచి నియోస్టిగ్మిన్‌కు వెళ్లండి. అది అడ్డుకునేదీ ఆ ఎంజైమునే, కాకపోతే తాత్కాలికంగా. ఆపరేషన్ తర్వాత కండరాలను సడలించిన మందు ప్రభావాన్ని తొలగించడానికి దానిని ఇస్తూ, తోడుగా అట్రోపిన్‌నో గ్లైకోపైరోలేట్‌నో ఎందుకు ఇస్తారో ఇప్పుడు మీరే చెప్పగలగాలి.

జవాబు – ఫార్మసిస్టు, దేవరకొండ

పైవారు చెప్పింది నిజమే గానీ, కంఠస్థం అసలు వద్దనుకుంటే నేను ఒప్పుకోను. పేర్ల విషయంలో తోకలు గమనిస్తే భారం తగ్గుతుంది: ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ మూడూ బీటా గ్రాహకాలను (అడ్రినలిన్ పనిచేసే చోట్లను) అడ్డుకునేవే. సాల్బ్యుటమాల్ చివర దాదాపు అదే ధ్వని వినబడుతుంది గానీ, అది బీటా-2 గ్రాహకాలను ప్రేరేపించి శ్వాసనాళాలను విప్పుతుంది. ప్రొప్రనొలాల్ బీటా-2ను కూడా మూసేస్తుంది గనుక ఉబ్బసం ఉన్నవారికి ఇవ్వకూడదు. దుకాణంలో బ్రాండు పేర్లే వినిపించినా, మీరు జెనరిక్ పేర్లతోనే చదవండి.

అత్యవసర మందుల మోతాదులు మాత్రం బట్టీ పట్టవలసిందే; రోగి ముందు నిలబడి తర్కించే వ్యవధి ఉండదు.

జవాబు – స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

ఫార్మసిస్టు గారితో ఏకీభవిస్తాను. అడ్రినలిన్‌తోనే మొదలుపెట్టండి. 1 మి.లీ. ఆంప్యూలులో 1 మి.గ్రా. ఉంటుంది. ఇంజెక్షను వికటించి అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయమైన అలర్జీ) వస్తే పెద్దవారికి అందులో సగం, అంటే 0.5 మి.గ్రా., తొడ కండరంలోకి ఇస్తారు. గుండె ఆగినప్పుడు 1 మి.గ్రా. సిరలోకి ఇస్తారు. మోతాదుతో పాటు ఏ మార్గంలో ఇవ్వాలో కూడా కలిపే గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే అనాఫిలాక్సిస్‌లో ఆ సగం మోతాదునే పొరపాటున నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు.