అప్‌డేట్: వాష్‌బేసిన్ అద్దానికి లైట్లు పెట్టించేశాం

అద్దం పైన ఒక్క లైటు చాలా, రెండు పక్కలా పెట్టాలా అని ఆ మధ్య అడిగాను కదా. చివరికి పక్కలకే పెట్టించాం. పైనుంచి మాత్రమే వెలుగు పడితే కళ్ల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడలే. షేవింగ్‌కి కావాల్సిన చోటే చీకటి! ఇప్పుడు కంటి ఎత్తులో, పాల రంగు డిఫ్యూజర్ (వెలుగుని మెత్తగా పరిచే మూత) ఉన్న నిలువు లైట్లు ఉన్నాయి. ముఖమంతా సమంగా కనిపిస్తోంది.

వెలుగు రంగు దగ్గరే ఇంట్లో పెద్ద చర్చ. మావారికి 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) తెలుపైతేనే లైటు వేసినట్టు. నాకు 3000 పసుపు ఇష్టం. 4000 దగ్గర రాజీపడ్డాం. వాట్లు కాదు, సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉందో లేదో చూడమన్న వాళ్లకి థ్యాంక్స్. లిప్‌స్టిక్ షేడ్, చీర రంగు పగటి వెలుగులో ఉన్నట్టే ఉన్నాయి. నీళ్లు చిందే చోటు కాబట్టి ఐపీ44 రేటింగ్ (నీటి తుంపరల్ని తట్టుకుంటుందనే గుర్తు) ఉన్నవే తీసుకున్నాం.

టైల్స్ పగులుతాయని టెన్షన్ పడ్డాను. ఎలక్ట్రీషియన్ అద్దం తీసి, దాని వెనకాలే గాడి కొట్టి పాత పాయింటు నుంచి వైర్లు లాగాడు. అద్దం మళ్లీ బిగిస్తే ఏమీ కనపడలేదు. డిమ్మర్ (వెలుగు తగ్గించి పెంచే స్విచ్) మాత్రం పెట్టలేదు, మేం కొన్నవి డిమ్మబుల్ కావు.