సమస్యాపూరణం: "చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు"

నిర్వాహకుడు (బరంపురం):

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు): చావు, తప్పఁ, జేసి, చచ్చె, నతఁడు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం, చా–చ. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. నాలుగో గణం మొదట యతి. ప్రాస పట్టింపు లేదు.

తెలివితక్కువ నిర్ణయంతో ప్రాణం పోగొట్టుకున్న చరిత్ర పురుషుల మీదే పూరించాలి. ఏ నిర్ణయం అతణ్ణి చంపిందో పై మూడు పాదాల్లో కనబడాలి, లేకపోతే అది వట్టి మరణవార్త. 'తప్పన్' అంటే తప్పేలా అనీ, తప్పగా అనీ రెండు రకాలుగా అన్వయించుకోవచ్చు. 'చేసి'కి కర్మ ఎవరికి వారు తెచ్చుకోవాలి.

పూరణ 1 (పర్లాకిమిడి):

తూట లేద టంచుఁ దొందర నమ్మెను
జేబునుండి లాగి చెప్పు నపుడు
ఉరికి చిక్కకుండ నొక్కనిఁ గాపాడి
చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు

1871 జూన్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం లెబనాన్‌లో క్లెమెంట్ వాలండిగామ్ అనే న్యాయవాది పోయిన తీరు ఇది. హత్యకేసులో ముద్దాయి తరఫున వాదిస్తున్నాడు. చనిపోయినవాడు జేబులోంచి పిస్తోలు తీయబోతుంటే అదే పేలిందని ఆయన వాదం. హోటల్ గదిలో తోటి వకీళ్లకు అది చేసి చూపబోయాడు. ఖాళీ పిస్తోలూ తూటాలున్న పిస్తోలూ పక్కపక్కనే ఉన్నాయి, రెండోది తీశాడు. గుండు కడుపులో దిగి మర్నాడు పోయాడు. ముద్దాయి ఆ తర్వాత నిర్దోషిగా విడుదలయ్యాడు.

నిర్వాహకుడు: ఈ సమస్యకు ఇంతకన్నా అతికే ఉదంతం దొరకడం కష్టం. గణయతులు నిర్దోషం. రెండు సవరణలు కావాలి. 'నమ్మెను' దగ్గర వాక్యం ముగిసిపోయి రెండో పాదం వేలాడుతోంది, పైగా చచ్చినవాడు వకీలని పద్యంలో ఎక్కడా లేదు. మొదటి పాదం ఇలా మార్చండి:

తూట లేద టంచుఁ దొల్త ప్లీడరు నమ్మి

'దొల్తప్లీ' రగణం, 'డరు నమ్మి' సలం, రెండూ ఇంద్రగణాలే. వేరే పదం మొదట 'ప్లీ' వచ్చినంత మాత్రాన ముందున్న 'ల్త' గురువు కానక్కరలేదు. ఇక మూడో పాదంలో 'గాపాడి' అంటే చావకముందే కాపాడేసినట్టు. తీర్పు వచ్చింది ఆయన పోయాక. 'గాపాడ' అనండి, తగణం అలాగే నిలుస్తుంది, చరిత్రా నిలుస్తుంది.

పూరణ 2 (రాయగడ):

కుట్టువాఁడొకండు గొడుగు కోటొకదాని
బొమ్మ బదులు తానె పూని తొడిగి
యేఁబదేడు మీట రెత్తునుండి దుమికి
చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు

పారిస్ దర్జీ ఫ్రాంజ్ రైఖెల్ట్, 1912 ఫిబ్రవరి 4. విమానాల వాళ్లకు ప్రాణరక్షగా ఒంటికి తొడుక్కునే పారాచూట్ కోటు కుట్టాడు. ఐఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి బొమ్మను వదులుతానని పోలీసుల దగ్గర అనుమతి తీసుకుని, పైకెక్కాక తానే దూకాడు.

జయపురం అక్కయ్యగారు: 'బొమ్మ బదులు తానె' అన్న మూడు మాటల్లో అసలు తప్పంతా పట్టేశారు. ఆయన్ని చంపింది కోటు కన్నా ఆ నిర్ణయం. గాలి అడ్డు లెక్క వేయకపోతే 57 మీటర్లు పడడానికి మూడున్నర సెకన్లు కూడా పట్టదు, నేల తాకేసరికి వేగం గంటకు 120 కిలోమీటర్లు. అంత కొద్ది సేపట్లో బట్ట విచ్చుకుని గాలి నింపుకోవాలి. విచ్చుకోకుండా ఒంటికే చుట్టుకుంది. సినిమా కెమెరాలు అంతా తీశాయి.

నిర్వాహకుడు: ఒప్పుకుంటున్నాను. దూరాన్వయం మాత్రం ఉంది. మొదటి పాదంలోని కోటు నాలుగో పాదంలోని 'చేసి'ని కలవాలంటే తొడగడాన్నీ దూకడాన్నీ దాటి రావాలి. కుట్టడం ముందు, దూకడం తర్వాత కదా. అయినా 'గొడుగు కోటు' అన్న పేరు నాకు ఎంతో నచ్చింది, దాన్ని ముట్టుకోవద్దు.

పూరణ 3 (గుణుపురం):

కప్పు కూలు ననుచుఁ గవి బయటనె యుండె
గ్రద్ద జాఱవిడిచెఁ గమఠ మొకటి
బట్టతలను జూచి బండగాఁ దలపోసి
చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు

నిర్వాహకుడు: మాస్టారూ, ధార బాగుంది. కానీ తలపోసింది గ్రద్ద, చచ్చింది కవి. క్త్వార్థకానికీ ('తలపోసి', 'చేసి' వంటి ముగియని క్రియకు) ముగింపు క్రియకూ కర్త ఒక్కడే కావాలి. ఇలా చదివితే గ్రద్దే చచ్చినట్టుంది. మరొకటి: మీ పద్యంలోని కవి, గ్రీకు నాటకకర్త ఎస్కిలస్, క్రీ.పూ. 456 ప్రాంతంలో సిసిలీలోని గెలాలో పోయాడు. ఈ తాబేలు (కమఠం) కథ మనకు వలేరియస్ మాక్సిమస్, ప్లినీ వంటి రోమన్ల రాతల్లో కనబడుతుంది. అది క్రీస్తు శకం మొదటి శతాబ్దం, అంటే దాదాపు అయిదువందల ఏళ్ల తర్వాత. కొన్ని జాతుల గద్దలు తాబేళ్లను బండల మీద పడేసి పగలగొట్టుకు తినడం నిజమే. అంతమాత్రాన కవి చావు రుజువు కాదు. పద్యంలో 'అఁట' ఉండి తీరాలి. రెండు దోషాలూ ఒకేసారి పోయేలా:

కప్పు కూలు ననుచుఁ గవి బయటనె యుండ
బట్టతలను జూచి బండ యనుచు
గ్రద్ద జాఱవిడిచెఁ గమఠమ్ము నఁట యిట్లు
చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు

గుణుపురం మాస్టారు: సవరణ శిరోధార్యం. 'నఁట యిట్లు' సలగణంలో అంత చక్కగా ఒదుగుతుందని తట్టలేదు.

పూరణ 4 (జయపురం):

కఱ్ఱతోడఁ దాళగతి వేయఁ గాలిపైఁ
బడియె దెబ్బ, చీము పట్టె వ్రేలు
గానసభను మిగుల ఘనముగా లూయీకి
చావు తప్పఁ జేసి చచ్చె నతఁడు

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, విరుపు అద్భుతం. లూయీకి చావు తప్పగా, గానసభ చేసి, చచ్చాడు! 1686 నవంబరులో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్నాడని 1687 జనవరిలో స్తుతిగానం పెట్టారు. సంగీత దర్శకుడు జాన్ బాప్తిస్త్ లూలీ పొడుగాటి కర్రతో నేల మీద తాళం వేస్తూ కాలి వేలు పొడుచుకున్నాడు. పుండు కుళ్లింది. వేలు తీసేయాలని వైద్యులంటే వద్దన్నాడు. కుళ్లు పైకి పాకి మార్చి 22న పోయాడు.

ఇబ్బంది ఒక్క అక్షరంలో ఉంది. 'కి' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగి ఉన్నది, కనుక 'లూయీకిఁ జావు' అని రావాలి. ఇచ్చిన సమస్యను మార్చకూడదు గదా. 'ఘనముగా దొర లూయి' అంటే ద్రుతం బెడద ఉండదు, సలగణమూ దక్కుతుంది.

రాయగడ: 'మిగుల' పాదం నింపడానికి వచ్చినట్టుంది. వద్దన్న మాట పద్యంలో లేదు. దెబ్బ ప్రమాదం, మూర్ఖత్వం ఆ మొండితనంలో ఉంది.

జయపురం: నిజమే. రెండో పాదం "పడిన వ్రేలుఁ గోయ వలదు వలదు" అంటే?

నిర్వాహకుడు: యతి ప–వ చెల్లుతుంది గానీ వాక్యం ముగియదు. "పడినఁ గోయ వలదు పట్టు పట్టె" అనండి. ప–ప యతి, అయిదు సూర్యగణాలు, మొండితనం కూడా వచ్చేసింది. ఈ రూపంలో ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. పర్లాకిమిడిది రెండోది.

వచ్చే వారానికి కాకతాళీయం మీద: "తోకచుక్క వెంటఁ దోడు పోయె". అమెరికా రచయిత మార్క్ ట్వేన్ పుట్టింది 1835 నవంబరు 30న, హేలీ తోకచుక్క సూర్యుడికి దగ్గరగా వచ్చి వెళ్లిన రెండు వారాలకు. పోయింది 1910 ఏప్రిల్ 21న, అది మళ్లీ దగ్గరగా వచ్చిన మర్నాడు. దానితో వచ్చాను, దానితోనే పోతానని ముందు ఏడాదే అన్నాడు. 'డెబ్బదైదు' రెండు సూర్యగణాల్లో ఇట్టే ఒదుగుతుంది గానీ పోయేనాటికి ఆయనకు 75 నిండలేదు. 'డెబ్బదైదవేడు' అనండి, మూడు సూర్యగణాలు, లెక్కా సరిపోతుంది. పూరణలు ఆదివారం సాయంత్రంలోగా పంపాలి.