‘దయ్యం పట్టిన ఇల్లు’ అనవచ్చునా?

1980లో వచ్చిన ‘ది చేంజ్‌లింగ్’ అనే దయ్యం సినిమా మీద వ్యాసం రాస్తున్న మన బృంద సభ్యుడు అడిగిన ప్రశ్న ఇది. నా నోటికైతే ఆ మాట రాదు. దయ్యం పట్టేది మనిషిని. ఇంట్లో అయితే ఉంటుంది, తిరుగుతుంది, మరీ చనువు పెరిగితే కాపురం పెడుతుంది. కడపలో చాలాకాలంగా తాళం వేసి ఉన్న ఇల్లు అద్దెకు అడిగి చూడండి. పక్కింటి పెద్దావిడ దయ్యం పేరైనా ఎత్తదు. ‘ఆ ఇంట్లో ఏదో ఉందంటారు నాయనా’ అని కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

మనిషిని పట్టేవి ఇంకా ఉన్నాయి: శని, పీడ, పిచ్చి, దిగులు, బెంగ. (నిద్ర కూడా పడుతుంది కానీ, దాన్ని ఈ జట్టులో కలపకండి.) పీటర్ మెడాక్ తీసిన ఈ సినిమాకు పనికొచ్చేది దిగులే. సంగీతకారుడు జాన్ రస్సెల్ మంచు కురిసిన రోడ్డు మీద భార్యనూ కూతురినీ పోగొట్టుకుంటాడు. ఫోను బూత్‌లో నిలబడి కళ్ళారా చూస్తాడు, చేయగలిగింది ఏమీ లేదు. తర్వాత సియాటిల్‌లో పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకుంటాడు. అతను దాచుకున్న కూతురి బంతి ఒక రోజు దానంతటదే మెట్ల మీద నుంచి ఎగిరెగిరి దిగుతుంది. తీసుకువెళ్ళి వంతెన మీద నుంచి నీళ్ళలోకి విసిరేస్తాడు. ఇంటికి వచ్చేసరికి అదే బంతి, ఈసారి తడిగా, మళ్ళీ మెట్లు దిగుతుంది. ఆ బంగళాలోని పిల్లవాడి దయ్యం రస్సెల్‌ను పట్టలేదు. అతన్ని దిగులు ముందే పట్టుకుంది, ఆ గడప తొక్కకముందే.

‘మరి చివరికి వదిలిందా?’ అని కింద వ్యాఖ్యల్లో ఒకరు అడిగారు. పట్టినదైతే తాయెత్తుకో విభూతికో వదలాలి. కానీ ఆ బంగళా పిల్లవాడి కథ వేరు: ఆస్తి కోసం కన్నతండ్రే నడవలేని ఆ కొడుకును స్నానాల తొట్టిలో ముంచి చంపి, అనాథ పిల్లవాణ్ణి తెచ్చి ఆ స్థానంలో పెంచాడు. ఇలాంటి దయ్యం వదలదు, దాని బాకీ తీరాలి. ‘కోరిక తీరక దయ్యమైంది’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బంగళా తగలబడడంతో పిల్లవాడి పగ తీరిందనుకుందాం. బెంగకూ తీరడమే క్రియ, కానీ పోయిన కూతురు కనబడితే తప్ప రస్సెల్ బెంగ ఎలా తీరుతుంది?

దయ్యము దైవమునకు వికృతి అని గుర్తు చేసిన సభ్యురాలికి నమస్కారం. పాత కావ్యాల్లో దానికి విధి అనే అర్థమూ ఉంది. అన్నట్టు, నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర బంగళా శిథిలమైన చోటే మా కడప యర్రముక్కపల్లిలో ఆయన పేరిట గ్రంథాలయం వెలిసింది. పాడుబడ్డ బంగళాలన్నిటికీ అంత అదృష్టం పట్టదు. చూశారా, అదృష్టమూ పట్టేదే!

వ్యాసానికి ‘దయ్యమున్న ఇల్లు’ చాలు. ‘దయ్యాల కొంప’ మాత్రం వద్దు. అక్కడ ఉన్నది ఒక్క పిల్లవాడు, పైగా కొంప అనగానే చదివేవాళ్ళు హాస్యం అనుకుంటారు.